పాత ఇంటి తలుపులు, గడప, భోషాణం: ఫ్లాట్‌లోకి ఎలా తెచ్చుకోవాలి?

గోదారిగట్టు (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా తాతగారి పెంకుటిల్లు పోయిన నెల విప్పేశాం. పంపకాలన్నీ అయ్యాక నా వంతుకి వచ్చినవి ఇవి. వీధి గుమ్మం తలుపులు ఒక జత (ఒక్కో రెక్క 6 అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అంగుళంన్నర మందం), దాని ద్వారబంధం, నానమ్మ భోషాణం (మూతున్న పెద్ద చెక్క పెట్టె), కాలితో తొక్కే కుట్టు మిషన్ స్టాండు (పైనుండే మిషన్ ఎవరు పట్టుకుపోయారో తెలీదు), నవారు మంచం ఒకటి, నాలుగు తాటి దూలం ముక్కలు. పాత సామాన్లు కొనే అతను వచ్చి చుట్టూ తిరిగి చూసి మొత్తానికి 9 వేలు ఇస్తానన్నాడు. మనసొప్పలేదు.

మాది కూకట్‌పల్లిలో 5వ అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. మా ఆవిడ "ఇంట్లో మనముంటామా, ఇవుంటాయా, ముందు తేల్చు" అంటోంది. నా ఆలోచన ఏమిటంటే తలుపులతో డైనింగ్ టేబుల్, మిషన్ స్టాండు మీద కంప్యూటర్ బల్ల, భోషాణాన్ని హాల్లో టీపాయ్‌గా. గడప చెక్కతో గుమ్మం దగ్గర కూర్చునే బల్ల చేయించి కింద చెప్పులు పెట్టుకునే అరలు. ఇలాంటివి చేయించినవాళ్ళు ఉంటే చెప్పండి. ఫొటోలు రేపు పెడతాను.

హైదరాబాదీ_అత్త (9:20)

గడప కింద చెప్పులా నాయనా? మీ అమ్మగారిని అడిగావా ముందు?

గోదారిగట్టు (9:24)

ఇంకా లేదండీ. 😅

పాతసామాను (9:41)

బ్రదర్, 9 వేలకి మాత్రం ఇవ్వకు. ఆ తలుపులు నిజంగా టేకయితే ఆ జత ఒక్కటే అంతకన్నా ఎక్కువ పలుకుతుంది. నేను ఎర్రగడ్డ ఆదివారం సంతకీ, జుమ్మేరాత్ బజారుకీ ఏళ్ళ తరబడి తిరుగుతున్నా. మీ ఊళ్ళో 9 వేలన్న సరుకే ఇక్కడికొచ్చి కాస్త నూనె రుద్దుకుని "యాంటిక్" అని కూర్చుంటుంది. ఆ పైన కారైకుడి నుంచి వచ్చిందని ఒక కథ. చెట్టినాడు ఇళ్ళ సరుకు నిజంగా కారైకుడిలో దొరుకుతుంది, అది వేరే సంగతి. కానీ ఇక్కడ కనిపించే ప్రతి స్తంభమూ అక్కడిదే అంటే నమ్మకు.

చిత్రికపట్టు (రాత్రి 11:05)

మా నాన్నగారు వడ్రంగి. నేను ఆఫీసు ఉద్యోగిని గానీ ఆదివారాలు ఇదే పని. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు అది ఏ చెక్కో తేల్చుకోండి. రంగు వేసి ఉంటే బయటికి ఏమీ తెలీదు. తలుపు అడుగు అంచున, కనపడని చోట, ఉలితో గోరంత చెక్క లేపి చూడండి. టేకయితే తోలులాంటి ఒక ఘాటు వాసన వస్తుంది, వేలికి కాస్త జిడ్డుగా తగులుతుంది. పసుప్పచ్చగా ఉంటే పనస కావచ్చు, కోనసీమ ఇళ్ళలో అదీ వాడారు. ద్వారబంధం ఒక చెక్క, తలుపులు ఇంకో చెక్క అయి ఉండొచ్చు. బరువుకీ తడికీ తట్టుకోవాలని బంధానికి మద్దో వేపో పెట్టిన ఇళ్ళు చాలా చూశాను.

రెండోది రంగు. దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి. మన దేశంలో 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 90) కంటే ఎక్కువ సీసం ఉన్న ఇంటి రంగులు అమ్మకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి ఉంది. మీ తలుపుల మీదున్న పూతలన్నీ అంతకు ముందువే కదా. ఆ రంగుని మిషన్ పెట్టి పొడిగా గీకితే సీసం పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. పిల్లలకి చాలా చెడ్డది, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇంకా చెడ్డది. ఫ్లాట్ బాల్కనీలో ఈ పని అస్సలు వద్దు. ఊళ్ళోనే, ఆరుబయట, కింద టార్పాలిన్ పరిచి, రంగుని తడుపుతూ గీకించండి. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు, మంచి మాస్కు ఉండాలి. మంట పెట్టి రంగు ఉబ్బించే పద్ధతి కూడా వద్దు, ఆ పొగ పీల్చకూడదు.

మూడోది మేకులు. మందం తగ్గిద్దామని తలుపులు కోత మిల్లుకి పట్టుకెళ్తే వాళ్ళు మొహం మీదే వద్దంటారు. ఎందుకో తెలుసా? వందేళ్ళలో ఆ తలుపుకి మామిడి తోరణం కోసం కొట్టిన మేకులు, క్యాలెండరు మేకులు, ఓట్లప్పుడు అంటించిన నంబరు రేకులు, అన్నీ తలలు విరిగి లోపలే ఉంటాయి. ఒక్కటి తగిలితే రంపం బ్లేడు పోతుంది. మా నాన్నగారు పాత స్పీకరులోని అయస్కాంతానికి దారం కట్టి చెక్క మీద నెమ్మదిగా లాగేవారు. ఎక్కడ తటుక్కున ఆగిందో అక్కడ సుద్దముక్కతో చుక్క. ఒక్క తలుపు మీద ముప్పై చుక్కలు లెక్కపెట్టిన రోజు నాకు గుర్తు.

ఇక తాటి దూలాలు. వాటితో ఫర్నిచరు అనుకోకండి. తాడికి చేవంతా పైనే, మధ్యలో మెత్తటి పీచు. కోస్తే నార లేచి చేతిలో గుచ్చుకుంటుంది. నిలువునా కోసి పై గట్టి చెక్కతో అరలు చేయొచ్చేమో గానీ, ఆ నల్లటి చారలు ఎంత అందంగా ఉన్నా పనివాణ్ణి అంత బాధ పెట్టడం నాకిష్టం ఉండదు.

గోదారిగట్టు (ఆదివారం, ఉదయం 7:30)

చిత్రికపట్టు గారూ, చేతులెత్తి దండం. సీసం సంగతి నాకు తెలీనే తెలీదు. మాకు నాలుగేళ్ళ పాప ఉంది. నిన్న గ్రైండరు అద్దెకి తెచ్చి బాల్కనీలోనే మొదలుపెడదామనుకున్నాను.

తలుపు అంచున ఒకచోట చిన్న చిన్న చిల్లులున్నాయి, గుండుసూది తలంత. పురుగు బతికే ఉందంటారా?

చిత్రికపట్టు (8:02)

కింద నల్ల కాగితం పరిచి పది పదిహేను రోజులు కదపకుండా ఉంచండి. తెల్లటి సన్న పిండి మళ్ళీ రాలితే బతికున్నట్టే. టేకు చేవని పురుగు అంత తేలిగ్గా ముట్టదు, అంచున ఉండే తెల్లచెక్కనే తింటుంది. అంతవరకూ చెక్కించేస్తే సగం బాధ పోతుంది. మిగతాదానికి రంగు పూర్తిగా తీశాక బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు రెండుసార్లు పట్టించి బాగా ఆరనివ్వండి. రంగు ఉండగా పూస్తే లోపలికి ఇంకదు.

సీమ_రాళ్ళు (8:15)

మా ఊర్లో కిరసనాయిలు పోస్తారు సామీ.

చిత్రికపట్టు (8:19)

పోస్తారు. పైన తిరిగే పురుగు చస్తుంది, లోపల గుడ్లు అలాగే ఉంటాయి. పైగా ఆ వాసన మీద అన్నం తినాలి.

లెక్కలమాస్టారు (ఉదయం 10:48)

అందరూ వాసనల గురించే మాట్లాడుతున్నారు, బరువు గురించి ఒక్కరూ అడగలేదు. రెండు రెక్కలు కలిపి 6 × 3 అడుగులు, మందం అంగుళంన్నర. అంటే రెండుంపావు ఘనపుటడుగులు. టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు. తలుపులే 40 కిలోలన్నమాట. చెక్కుడు పని ఉంది కాబట్టి పైన గాజు పలక వేస్తారు. 8 మిల్లీమీటర్లది, ఆ కొలతకి దాదాపు 33 కిలోలు. కాళ్ళు కలపకుండానే 73. మీరు ఆన్‌లైన్లో చూసే సన్నటి ఇనప కాళ్ళు, అవే హెయిర్‌పిన్ కాళ్ళు, నాలుగు తగిలిస్తే పిల్లాడు అంచున వేలాడిన రోజున ఊగుతుంది.

డబ్బు సంగతి కూడా చెప్తాను, ఎవరూ నిజం చెప్పరు కాబట్టి. రెండేళ్ళ కిందట నేను ఇలాగే ఒక తలుపు చేయించాను. వడ్రంగికి రోజుకి 1,300 చొప్పున 6 రోజులు, 7,800. గాజు, కాళ్ళు, పాలిష్, ఊరి నుంచి ఆటో ట్రాలీ అన్నీ కలిపి 21 వేలు దాటింది. ఆ డబ్బుకి షోరూములో కుర్చీలతో సహా కొత్తది వచ్చేది. పాత సామానుతో చవగ్గా అయిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

హైదరాబాదీ_అత్త (10:55)

మాస్టారూ, షోరూము బల్ల మీద మా తాత పేరు చెక్కి ఉంటుందా?

లెక్కలమాస్టారు (10:57)

ఉండదమ్మా. అందుకే చేయించాను. లెక్క మాత్రం తెలిసి చేయించుకోవాలంటున్నాను.

డాలస్_సుబ్బు (11:30)

గాజు వద్దు, ఎపాక్సీ (పోశాక గట్టిపడే రెసిన్) పోయించండి బాస్. నున్నగా అద్దంలా వస్తుంది, గుంటల్లో అన్నం మెతుకులు ఇరుక్కునే బాధ ఉండదు. నేను ఇక్కడ గరాజ్‌లో పాలెట్ (సరుకు రవాణాకి కింద పెట్టే చెక్క చట్రం) చెక్కతో రెండు బల్లలు చేశా. పాలెట్ వాడేవాళ్ళకి ఒక మాట: చెక్క మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించినది, ఇంట్లోకి తేవద్దు. అసలు ముద్రే లేకపోతే దాని మీద ఏం ఒలికిందో ఎవరికీ తెలీదు.

చిత్రికపట్టు (11:52)

పాలెట్ సంగతి సరిగ్గా చెప్పారు సుబ్బు గారూ. ఎపాక్సీతో మాత్రం ఒప్పుకోను. టేకులో నూనె ఉంటుంది. పోసేముందు థిన్నరుతో బాగా తుడవకపోతే రెసిన్ పట్టదు, ఏడాదికి పొరలా లేచిపోతుంది. వేడి వేడి సాంబారు గిన్నె పెడితే మచ్చ. ఏళ్ళు గడిస్తే పచ్చబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఒకసారి పోశాక మళ్ళీ వెనక్కి తీసుకోలేరు. గాజు నచ్చకపోతే రేపు తీసేయొచ్చు.

గోదారిగట్టు గారూ, ఇంకో మాట. రెండు రెక్కల్నీ ఫెవికాల్ పెట్టి ఒకటి చేయించకండి. కింద మూడు అడ్డపట్టీలు వేసి బోల్టులతో బిగించమనండి. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. ఆ కాస్త కదలికకి చోటుండాలి, పట్టీల్లో బోల్టు చిల్లుల్ని కొంచెం పొడుగ్గా తీస్తే సరిపోతుంది. పైగా ఎప్పుడైనా ఇల్లు మారితే విప్పి ఒక్కో రెక్క 20 కిలోలు, ఇద్దరు మోసేయొచ్చు.

ఓరుగల్లు_పిల్ల (మధ్యాహ్నం 1:10)

మాది చిన్న కథ. షట్టరున్న పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ, ఈసీ టీవీ, నాలుగు కాళ్ళ మీద నిలబడేది. మా బాపు దాన్ని పారెయ్యనియ్యలే. లోపల సామాను తీయించి దేవుడి అర్ర చేసినం. షట్టరు పక్కకి జరిపితే వెంకటేశ్వర స్వామి. మా బాపు ఇప్పటికీ పొద్దున "టీవీ పెట్టిండ్రా" అంటడు, దీపం పెట్టిండ్రా అనడానికి బదులు. 😄

కానీ ఎవరైనా చేస్తే పిక్చర్ ట్యూబు మీరే విప్పకండి. కరెంటు తీసి ఎన్ని రోజులైనా లోపల చార్జి మిగిలి ఉండొచ్చు, ట్యూబు పగిలితే గాజు ఎగిరి తగులుతది, ఆ గాజుల సీసం కూడా ఉంటది. టీవీ మెకానిక్‌తోనే తీయించినం మేము.

మేడమీద_మొక్క (1:45)

కారు టైరుకి కొబ్బరి తాడు చుట్టి మోడాలు చేశాను నేను, మేడ మీదకి. ఇంట్లో పెట్టుకోకండి, ఎండకి వాసనొస్తుంది. వానాకాలం లోపల నీళ్ళు నిలిచి దోమలు గుడ్లు పెట్టాయి కూడా. తర్వాత అడుగున అయిదారు చిల్లులు పెట్టించాక తగ్గింది.

హైదరాబాదీ_అత్త (2:05)

మిషన్ స్టాండు గురించి నేను చెప్తా, మా ఇంట్లో ఉంది కాబట్టి. అది పోత ఇనుము. పక్క వీధి వెల్డింగ్ షాపులో "అతికిస్తా అమ్మా" అంటే ఇవ్వకండి, మామూలు రాడ్డుతో అతికిస్తే ఆ పక్కనే మళ్ళీ పగులుతుంది. మాది అలాగే పగిలింది. స్టాండుకి మిషన్ బల్ల బిగించే చిల్లులు ముందే ఉంటాయి, పైన ఏ పలక వేసినా వాటికే బోల్టులు వెయ్యండి. తుప్పుని ఇనప బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసి, పైన నల్ల రంగు. గీకేటప్పుడు పైన బాబు చెప్పిన సీసం మాట గుర్తుంచుకోండి, అదీ పాత రంగే.

ఇంకోటి. మీకు పాప ఉందన్నారు. తొక్కుడు పలకకీ పెద్ద చక్రానికీ మధ్య వేలు పడితే నలిగిపోతుంది. చక్రాన్ని తీగతో కట్టేయండి, తిరగకుండా. నేను కట్టలేదు మొదట్లో. మా మనవడు గంటసేపు తొక్కాడు, "అమ్మమ్మా, కంప్యూటర్‌కి కరెంటు నేనిస్తున్నా" అని.

సీమ_రాళ్ళు (2:30)

భోషాణం గురించి ఎవురూ చెప్పలేదే. మా పెద్దనాయన వాళ్ళింట్లో ఉండాది. మూత ఒక్కటే ఇద్దరు ఎత్తాల. పిల్లోళ్ళు దాగుడుమూతలకి లోపలికి దూరతారు, మూత పడితే లోపల్నుంచి లేపలేరు, గాలాడదు. టీపాయ్ చేసుకో, కాదనను. తాళం వేసి పెట్టు. లేదంటే మూత మధ్యలో ఆగేలా మంచి చువ్వ బిగించి, వెనక్క పలకకి నాలుగు చిల్లులు కొట్టించు.

ఇత్తడి పువ్వులు చింతపండుతో తోమేసి తళతళలాడించకు. ఆ నల్లదనంలోనే ఉంది దాని అందం.

గోదారిగట్టు (ఆదివారం, రాత్రి 10:15)

ఈరోజు అమ్మకి ఫోన్ చేసి గడప సంగతి చెప్పాను. చెప్పులు అన్నంతవరకే విన్నది. "ఆ గడపకి మీ నానమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి పసుపు రాసింది. నేను రాశాను. నువ్వు దాని మీద కూర్చుని బూట్లు కట్టుకుంటావా?" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే నాన్న తీశారు, "నన్ను ఇందులోకి లాగకు" అన్నారు.

హైదరాబాదీ_అత్త (10:18)

నిన్న రాత్రే చెప్పాను.

పాతసామాను (10:26)

బ్రదర్, ఫ్లాట్ గుమ్మానికి చెక్క గడప ఉండదు కదా, బండ పలకే. అక్కడే అమర్చెయ్.

గోదారిగట్టు (10:31)

కొలిచాను. గడప నాలుగడుగుల పైన ఉంది, మా గుమ్మం మూడున్నర. కోయాలి. కోస్తే అమ్మ హైదరాబాద్ రానంటుంది.

చిత్రికపట్టు (10:50)

కోయకండి. రెండు చివరలా ద్వారబంధం నిలువు చెక్కలు దిగే బెజ్జాలుంటాయి, మేకు లేకుండా చెక్కలోకి చెక్క దిగ్గొట్టిన అతుకు. అది చూడ్డానికే బాగుంటుంది. గుమ్మం లోపలి పక్క, గోడకి ఛాతీ ఎత్తున, అడ్డంగా అరలాగా పెట్టండి. నాలుగంగుళాల మందం ఉంటుంది కాబట్టి ఆషామాషీ మేకులు చాలవు. గోడ లోపలికి దిగే యాంకర్ బోల్టులు, ఇనప ఎల్ క్లాంపులు మూడు. బోలు ఇటుకల గోడైతే పెట్టకండి, పిల్లర్ ఉన్న చోట చూసుకోండి. దాని మీద దీపం పెట్టుకుంటారో, తాళాలు పెట్టుకుంటారో మీ ఇష్టం. కూర్చోరు, చెప్పులు తగలవు.

లెక్కలమాస్టారు (10:58)

ఇది బాగుంది. ఖర్చు కూడా తక్కువే.

గోదారిగట్టు (రెండు నెలల తర్వాత, మంగళవారం)

అప్‌డేట్ ఇస్తానని ఇవ్వనేలేదు, క్షమించండి. రంగంతా ఊళ్ళోనే గీకించాం. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, కింద మళ్ళీ ఆకుపచ్చ, అన్నిటి కిందా ఇటుక రంగు. మొత్తం నాలుగు పూతలు. అయస్కాంతానికి పట్టుబడ్డ మేకులు రెండు తలుపులకీ కలిపి 41. ఒక గుర్రపు నాడా ముక్క కూడా దొరికింది, రంగు కిందే ఉండిపోయింది. పిండి రాలలేదు.

టేకే. రంగు పోయాక 80, 120, 220 నంబర్ల ఎమరీ వరసగా పట్టించి, లక్క, స్పిరిట్ కలిపిన పాలిష్ వేయించాం. తర్వాత ఆ మేస్త్రీయే చెప్పాడు, లక్క పాలిష్‌కి నీళ్ళు పడితే తెల్లటి మచ్చలొస్తాయని. గాజు ఉంది కాబట్టి పైన ఫరవాలేదు, అంచుల్లో మాత్రం మా పాప పాలగ్లాసు గుండ్రాలు అప్పుడే మూడు వచ్చాయి. అంచులకి మెలమైన్ పాలిష్ వేయించాల్సింది. చేయించేవాళ్ళు ముందే చెప్పుకోండి.

మొత్తం ఖర్చు 24,600. మాస్టారూ, మీరు చెప్పింది నిజమే.

సొరుగుల పిడుల్లేక మిషన్ బల్ల అందంగా లేదని మా ఆవిడే ఏటికొప్పాక నుంచి లక్క పిడులు తెప్పించింది, ఎరుపు, పసుపు. బొమ్మల కోసం వాడే ఆ అంకుడు కర్రతోనే చేస్తారట. ఇప్పుడు అది తన ఆఫీసు బల్ల, నాకు చోటు లేదు.

మంచానికి పాత నవారు పుచ్చిపోయింది. కొత్త నూలు నవారు అల్లించి బాల్కనీలో దివాన్‌లా వేశాం.

గడప గోడ మీద ఉంది, కోయలేదు. పోయిన శుక్రవారం అమ్మ వచ్చి చూసింది. ఏమీ అనలేదు. స్నానం చేసి వచ్చి పసుపు కలిపి రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. దాని మీదే కారు తాళాలు పెట్టుకుంటాం కదా, ఆ రోజు నుంచి నా చేతులు, చొక్కా జేబు, కారు స్టీరింగు అన్నీ పసుపే.

హైదరాబాదీ_అత్త (మంగళవారం)

❤️ మరి భోషాణం?

గోదారిగట్టు (మంగళవారం)

అదే చెప్పలేక ఆగాను. లిఫ్టులో పట్టలేదు. మెట్ల మలుపు దగ్గర నలుగురం కలిసి కూడా తిప్పలేకపోయాం. కిందే, సెల్లార్లో నా కారు పక్కన ఉంది. ఇప్పుడు వాచ్‌మన్ దాని మీదే కూర్చుని పేపరు చదువుతున్నాడు. కొరియర్ కుర్రాళ్ళు పార్సిళ్ళు దాని మీదే పెట్టి పోతున్నారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు నిన్న వచ్చి "లాబీలో పెడదాం, బాగుంటుంది, ఇచ్చేయండి" అంటున్నారు. తాళం వేసే ఉంచాను, సీమ_రాళ్ళు గారూ.

లెక్కలమాస్టారు (మంగళవారం)

పార్కింగ్ చోటుకి మెయింటెనెన్స్ కడుతున్నారుగా, భోషాణానికి కూడా అద్దె అడుగుతారేమో చూసుకోండి.

పాతసామాను (బుధవారం)

తలుపుల పాత గొళ్ళెం, గడియ ఉన్నాయా బ్రదర్? గాజు పలక కింద పనికిరావు కదా. ధర చెప్పు.

గోదారిగట్టు (బుధవారం)

గొళ్ళెం మా పాప తీసుకుంది. ఇవ్వదు.